పెద్దవాళ్ళ వాటా

చిరంజీవి తేపాయెరుకి,

కియా ఒరానా, బిడ్డా. చల్లగా బతకమని రోజూ నోటితో అనుకునే మాటే, రాయబోతే చెయ్యి ఆగింది. ఇక్కడ నేనూ, మనవరాలు అకాయితీ తింటున్నాం, తిరుగుతున్నాం. మీ అన్నయ్య రాంగిని ఇంటి ముందే మీ నాన్న సమాధి పక్కన పూడ్చాం. సిమెంటు ఆరింది. నా చదువు నీకు తెలిసిందే, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

ఒకే చేప తింటే పందొమ్మిదేళ్ళ పిల్ల మూడో రోజుకి లేచి కూర్చుంది, దాని తండ్రికేమైందని అడిగావు. నర్సమ్మ మెరె చెప్పిందే రాస్తున్నాను. పగడపు గట్టు చేపల్లో కొన్నిసార్లు విషం ఉంటుంది, వండినా పోదు. అది ఒంట్లో చేరితే చన్నీళ్ళు కూడా నిప్పులా తగులుతాయట. వయసులో ఉన్నవాళ్ళకి వాంతులు, ఏడుపులు, గోల. అందరూ పరిగెత్తుకొస్తారు. పెద్దవాళ్ళకి ఒక్కోసారి నాడి మెల్లగా పడిపోతుంది, పక్కవాళ్ళు నిద్ర అనుకుంటారు. మీ అన్నయ్యకి అరవై మూడు. వాడు వేసుకునే గుండె మాత్రలు కూడా నాడిని తగ్గించేవేనట.

ఆదివారం చర్చి నుంచి వచ్చి తిన్నాం. సాయంత్రానికి అకాయితికి వాంతులు. మీ అన్నయ్య చాప మీద వాలి, "చన్నీళ్ళు తాగితే నోరు కాలుతోందేంటే అమ్మా" అన్నాడు.

"పుట్టిందగ్గర్నుంచీ సముద్రంలోనే ఉన్నావు, ఇప్పుడు గ్లాసుడు నీళ్ళకి భయమా, ముసలోడా" అన్నాను.

"నువ్వుండగా నేనెలా ముసలోణ్ణవుతానే" అని నవ్వి, కళ్ళు మూసుకున్నాడు.

ఆ ఆదివారం సంగతి ఇంతవరకూ నీకు ఫోనులో చెప్పిందే. చెప్పనిది ఒకటుంది.

నర్సమ్మ రాగానే, "తల ఎవరు తిన్నారు? విషం అక్కడే ఎక్కువ" అని అడిగింది. మన ఇళ్ళల్లో తల పెద్దవాళ్ళ వాటా కదా, నా వంకే చూసింది. నేనే తిన్నానని అన్నాను. మీ అన్నయ్య నా వైపొకసారి చూసి, "నాది తోక ముక్కలే, నాకేం కాదు, పిల్లని చూడండి" అన్నాడు. నా మాట నిలబెట్టాడు.

తల తిన్నది వాడు. నా పళ్ళు పోయిన దగ్గర్నుంచీ, మూడేళ్ళుగా, ఎవరూ చూడకుండా వాడి పళ్ళెంలోకే తోస్తున్నాను. చిన్నప్పట్నుంచీ వాడికి చేప కళ్ళంటే ప్రాణం. నా వాటా నేను వదిలేశానని తెలిస్తే, ఈ ఇంట్లో ఇక నేనెవరినని సిగ్గుపడ్డాను. నర్సమ్మ గంటగంటకీ నా చెయ్యి పట్టుకుని నాడి చూసింది. వాడి చెయ్యి ఎవరూ పట్టుకోలేదు. నాకు వాడు చిన్నపిల్లాడే, బిడ్డా. వాడూ ముసలాడయ్యాడని నాకు తోచలేదు.

తను అంత గోల చెయ్యబట్టే నాన్నను ఎవరూ చూడలేదని అకాయితి అనుకుంటోంది. సమాధి వైపు తలుపు తియ్యనివ్వదు. తల్లి లేని పిల్ల. దాని తప్పేం లేదని చెప్పాల్సింది నేనే, నోరు రాలేదు. అందుకే ముందు కాగితం మీద పెట్టాను.

తెల్లారాక ఇది దానికి చదివి వినిపిస్తాను. నన్నేమన్నా పడతాను. వినిపించలేకపోతే చించేస్తాను, నీకూ పంపను. వినిపిస్తే, కవరు మీద నీ పేరు దాని చేతే రాయిస్తాను. ఆ రాత ఒకసారి చూసుకో.

ఇట్లు,
నీకూ రాంగికీ అమ్మ