అభ్యంతరాలు లేవు

చిరంజీవి సౌభాగ్యవతి కోడలు యాచిన్‌కు మామయ్య దీవెనలు. మీ అత్తయ్య మోకాళ్ళ నొప్పులు మినహాయిస్తే ఇక్కడ మేమిద్దరం కులాసాగానే ఉన్నాం. హర్బిన్‌లో మంచు కరిగి మీరూ తేరుకున్నారని తలుస్తాను. పొగబెట్టిన పందిమాంసం, ఎండుమిరపకాయలు పార్సిల్ చేశాం. వండే ముందు మాంసాన్ని వేడినీళ్ళలో కడగాలని మింగ్‌హైకి చెప్పు. వాడికి ఏదీ గుర్తుండదు.

నీ ఉత్తరంలో రెండు విషయాలు అడిగావు. మొదటిది తేలిక. పాత ఊరు జలాశయం కింద మునిగి ఈ వేసవికి ఇరవై నాలుగేళ్ళు. రెండోదానికి జవాబు రాయడానికి నాకు పది రోజులు పట్టింది.

ఊరు వదిలిన ఆడవాళ్ళు పద్నాలుగుమంది, నీ పరిశోధనకని నువ్వొచ్చి రికార్డు చేసుకున్న టేపుల్లో తలా అరగంట మాట్లాడితే, నేను రాసి పంపిన కాగితాల్లో ఒక్కొక్కరికీ అరపేజీ కూడా లేదేమని అడిగావు. పైగా పదకొండుమంది "దేశ ప్రయోజనం అర్థం చేసుకుని సంతోషంగా తరలాం, అభ్యంతరాలు లేవు" అని ఒకే మాట ఎలా అన్నారని కూడా. మీ ప్రొఫెసరు ఆ మాట పట్టుకునే, ఈ ప్రాంతపు ఆడవాళ్ళకు ఎదురుచెప్పే అలవాటే లేదని అధ్యాయం రాయమన్నాడట. నెలాఖరుకి ఇవ్వాలి, లేకపోతే నీ పట్టా ఏడాది వెనక్కి పోతుంది.

అమ్మా, ఆ మాట వాళ్ళది కాదు. నాది.

మా యాస నీకు తెలియదు గనుక నన్ను నమ్మావు. నేనేమో ముప్ఫై ఏళ్ళు మన ఊరి సభల మినిట్స్ రాసినవాణ్ణి. సభలో ఎవరు ఎవర్ని ఎంత తిట్టినా, కాగితం మీదికి రావలసిన మాటలు పైనుంచి ముందే వచ్చి ఉండేవి. మావాళ్ళ మాటను వాటిలో సర్దడమే నా పని. దానివల్ల చాలామంది చిక్కుల్లో పడకుండా బతికారు, ఆ గర్వం నాకిప్పటికీ ఉంది. నీ టేపులు వినేటప్పుడూ కలం అదే దారిన పోయింది. లువో ముసలమ్మ ఏమందంటే, "పడవెక్కించబోతే నా పంది నీళ్ళలో దూకి పోయింది. నా మొగుడు పోయినప్పుడు కూడా నేనంత ఏడవలేదు." నేను రాసింది, "ఆస్తినష్టం ఓర్చుకుని సహకరించారు" అని. చదువుకున్న పిల్లవి, నీ పుస్తకంలోకి ముతక మాటలు ఎందుకులే అనుకున్నాను కూడా.

ఇంతవరకూ రాయడం కష్టం కాలేదు. తొమ్మిదో టేపు మీ అత్తయ్యది. గోడవంక చూస్తూ ఆవిడ చెబుతుంటే నువ్వు తల ఊపుతూ కూర్చున్నావు. నేను పెరట్లో ఉన్నాను, కిటికీలోంచి మీరు కనిపించారు గాని మాటలు వినపడలేదు. తర్వాత మిషన్లో విన్నాను. విని, మిగతావాళ్ళకి రాసినట్టే రాసి పంపేశాను.

మింగ్‌హైకి ఒక అక్క ఉండేది, మాన్‌యింగ్. వాడు పుట్టకముందే, తనకి ఆరేళ్ళప్పుడు జ్వరంతో పోయింది. వాడికి కూడా మేమెప్పుడూ చెప్పలేదు. నీళ్ళు రాకముందు పెద్దల సమాధులు తవ్వి ఎముకలు కుండల్లో పెట్టి తెచ్చుకున్నాం. పిల్లల సమాధులు తరలించేవాటి జాబితాలో ఉండవు. ఆ జాబితా రాసింది నేనే.

మొన్న పొద్దున మీ అత్తయ్య చిక్కుడుకాయలు వలుస్తుంటే దగ్గర కూర్చుని, తొమ్మిదో టేపు సరిగ్గా రాసి పంపనా అని అడిగాను. గిన్నెలో మిగిలిన కాయలన్నీ వలిచింది. తర్వాత, "మాటలు మార్చకుండా రాయగలవా నువ్వు?" అంది.

రాశాను. ఇది ఆవిడ మాటే:

"నన్ను ఎవరూ అడగలేదు. నా పిల్లను తెచ్చుకుందామని ఈయన్ని మూడు రోజులు బతిమాలాను. జాబితాలో లేదు, ఇప్పుడు గొడవ చెయ్యకు అన్నాడు. నాలుగో రోజుకి దాని సమాధి దిబ్బ మునిగింది. అప్పటి ఊరి కాగితంలో అభ్యంతరాలు లేవని నా పేరు పక్కన రాసింది ఈయనే."

చదివి వినిపిస్తే రెండుచోట్ల ఆపింది. రెండుచోట్లా "ఈయన" అన్నదాన్ని నేను "అధికారులు" అని రాశాను. దిద్దుకున్నాను. ఇంకోసారి చదవమంది, చదివాను.

మిగతా పదమూడూ మొదటినుంచి రాయడానికి రెండు నెలలు పడుతుంది. అధ్యాయం ఇవ్వడం, ఆపడం నీ ఇష్టం. నీ ఏడాది పోతే ఆ తప్పు నాది. మింగ్‌హైకి ఈ ఉత్తరం నువ్వే చదివి వినిపించు.

ఇట్లు,
మీ మామయ్య,
మాన్‌యింగ్ నాన్న