గోల్‌కీపర్ కళ్ళల్లో మిరప ఘాటు

ఆదివారం, రాత్రి

ఇవాళ కూడా ఓడిపోయాం. ఈ సీజన్‌లో ఒక్క మ్యాచ్ గెలవలేదు. అయినా నా ఒళ్ళు మండుతోంది ఓడినందుకు కాదు.

మ్యాచ్ ఉందని తెలిసి కూడా మా టీమ్ ప్రెసిడెంటు సుబ్బయ్య గారు, గోల్‌కీపర్ యోహానుని తెల్లారకముందే కల్లానికి పిలిపించి మిరపకాయలు బస్తాల్లోకి తొక్కించారు. వాడు చేతులు సబ్బుతో రుద్ది కడుక్కునే వచ్చాడు. ఆ ఘాటు నీళ్ళకి పోతుందా? ఆట మధ్యలో గ్లౌజు తీసి కళ్ళ మీద చెమట తుడుచుకున్నాడు. ఇక కళ్ళు తెరవలేకపోయాడు. బంతి వాడి పక్కనుంచే లోపలికి పోయింది.

"ఒరేయ్, గోల్ కొట్టింది వాళ్ళు కాదురా, సుబ్బయ్య గారి మిరపకాయలు" అని మా కుర్రాళ్ళు నవ్వారు. యోహాను కూడా ఏడుస్తూనే నవ్వాడు.

అప్పుడొచ్చారు సుబ్బయ్య గారు. "కూలోణ్ణి గోల్‌లో పెడితే ఇట్టాగే ఉంటదయ్యా కెప్టెనూ. వచ్చే మ్యాచ్‌కి మా అల్లుణ్ణి పెట్టు" అన్నారు, అందరూ వింటుండగా.

"పొద్దున పనికి పిలిచింది మీరే కదండీ" అన్నాను.

"అయితే ఏంటంట? మీ ఒంటి మీద జెర్సీలు కొనిచ్చింది కూడా నేనే."

ఆ మాటతో యోహాను గ్లౌజులు నా చేతిలో పెట్టి వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.

జెర్సీలు పొద్దున్నే ఆయన అరుగు మీద పెట్టేస్తాను. వచ్చే ఆదివారం బనియన్లతోనే దిగుతాం, గోల్‌లో యోహానే ఉంటాడు. అది నేను తేల్చుకున్నాను. వాడు వస్తాడా అనేదే...