గంటకొక గిన్నె

కడప,
12 ఫిబ్రవరి 1939

ప్రియమైన సుకుమారికి,

నీ కృపమణి ప్రేమతో రాస్తున్నది. సుకుమారి అన్నందుకు కోపం తెచ్చుకోకు. బోర్డింగు బడిలో నీకు ఆ పేరు పెట్టింది నేనొక్కదాన్నే కాదు. ప్రార్థన గంట కొట్టినా లేవని పిల్లవు నువ్వే, రెండో బిందె నీళ్లు తెమ్మంటే బావి దగ్గరే కూలబడే పిల్లవూ నువ్వే. ఇప్పుడు పంతులమ్మవై నలభై మంది పిల్లల్ని ఎట్లా నిలబెట్టి పాఠం చెప్పిస్తున్నావో ప్రభువుకే తెలియాలి.

ఈ ఉత్తరం తలుపేసుకుని చదువు. మీ ఆయన ఏసేపన్న చేతికి కూడా ఇవ్వకు. చదివాక పొయ్యిలో వేసెయ్యి.

మా ఆసుపత్రి డాక్టరమ్మకు అమెరికా నుంచి వాళ్ల చెల్లెలు ఒక పొట్లం పంపింది. అందులో మూడు రబ్బరు గిన్నెలు. గిన్నె అంటే ఎంతో అనుకునేవు, నిమ్మకాయంత. గంట ఆకారంలో ఉంటుంది, అడుగున చిన్న తోక. ముట్టు దినాల్లో గుడ్డకు బదులు దీన్ని లోపల పెట్టుకోవాలట! తీసి, కడిగి, మళ్లీ అదే పెట్టుకోవాలట. ఏళ్ల తరబడి వస్తుందట. డాక్టరమ్మ, "నాకు ఆ వయసు దాటింది, మీరే చూడండి" అని మా నర్సుల చేతిలో పెట్టింది.

ఎనిమిదేళ్లుగా కాన్పులు చేస్తున్న చేతులు ఇవి. నా ఒంటి దగ్గరికి వచ్చేసరికి వెనక్కి తగ్గాయి. రెండు నెలలు ధైర్యం చాలక పెట్టెలోనే ఉంచాను. మూడో నెల చీర కుచ్చిళ్లు బిగించి, ప్రార్థన చేసుకుని, మడిచి లోపలికి జరిపి వదిలాను. అది తనంతట తానే విచ్చుకుని కూర్చుంది. తర్వాత అది ఉన్నట్టే తెలియలేదు. వార్డంతా తిరిగాను, మెట్లెక్కాను, ఒక కవల కాన్పు చేశాను. సాయంత్రం తీసి చూశాను.

ఎంత ఉందో తెలుసా? రెండు చెంచాలు! వరమ్మా, రెండే రెండు చెంచాలు. గుడ్డ మీద వంక పారినట్టు కనబడేది ఇంతేనా అని కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి అట్లే నిలబడిపోయాను. శుభ్రంగా, ఎర్రగా, వాసన లేకుండా ఉంది. పదమూడేళ్ల వయసు నుంచి నాలో ఉన్నదాన్ని మొదటిసారి కళ్లారా చూశాను. ఈ కాస్తకా మనల్ని కుండ తాకనివ్వనిది? ఈ కాస్తకా మనం గుడ్డలు దాచి దాచి, ఎండ తగలని మూలల్లో ఆరేసుకున్నది? నాకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి.

రెండోది నీకు పంపుతున్నాను. క్వినైన్ డబ్బాలో ఉంది. నీళ్లలో బాగా మరగబెట్టు. పొద్దున పెట్టుకుంటే సాయంత్రం తీస్తే చాలు. మీ ఊళ్లో తాగడానికే నీళ్లు లేవన్నావు కదా, దీనికి చెంబెడు చాలు.

నీ నేస్తం,
కృపమణి

—

చిన్నవంకపల్లె, పత్తికొండ దగ్గర,
9 మార్చి 1939

ప్రియమైన కృపకు,

డబ్బా అందింది. ముందు నీ గిన్నెకు పట్టిన గతి విను. నేను బడిలో ఉండగా పోస్టు వచ్చిందట. మా అత్త జీవమ్మ డబ్బా తెరిచి చూసి, "ఆసుపత్రోళ్లు పిల్లకు మందు తాపే గిన్నె పంపినారు, శానా మంచోళ్లు" అని మురిసిపోయి, నా బిడ్డకు దాంతోనే శొంఠి కషాయం తాపింది. నేను వచ్చేసరికి కడిగి బొక్కబోర్లా పెట్టి ఉంది. ఏం చెప్పను, "అవును, శానా మంచోళ్లు" అని నేనూ అన్నాను.

నవ్వుకున్నాక అసలు మాట చెబుతాను. నాకు కష్టమొచ్చింది కృపా.

ప్రతి నెలా మొదటి ఆదివారం మా గుడిలో ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. ముట్టయిన ఆడవాళ్లు ఆ పొద్దు గుడికి రారు. ఎవరూ రావద్దనలేదు, ఎక్కడా రాసీ లేదు, అయినా రారు. మిగతావాళ్లకు ఏడాదికి ఒకటి రెండు ఆదివారాలు తప్పుతాయి. నాకు దినాలు ఎక్కువ, ఒక్కో నెల రెండుసార్లు కూడా. అందువల్ల తొమ్మిది నెలలుగా నేను బల్ల దగ్గరికి పోలేదు. సంఘపెద్ద దావీదురాజు గారి దగ్గర పేర్ల పుస్తకం ఉంది. పోయిన వారం బడికి వచ్చి అందరి ముందే అడిగాడు.

"ఏమ్మా పంతులమ్మా, తొమ్మిది నెలలాయ బల్లకు రాక. మనసులో ఏం పాపం పెట్టుకోని ఉండావు?"

మగమనిషికి ఏమని చెప్పను? ఏడాది పాటు బల్లకు రాని టీచరును మిషను వాళ్లు ఉంచుకోరు. రెండేళ్లుగా వాన లేదు, జొన్న ఎండిపోయింది, ఇల్లంతా నా జీతం మీదే నడుస్తున్నది. ఇంకా మూడు ఆదివారాలు మిగిలాయి.

నీ గిన్నె పెట్టుకుని పోతే ఎవరికీ తెలియదు కదా? అట్లా పోవడం తప్పా, చెప్పు.

నీ వరమ్మ

—

కడప,
16 మార్చి 1939

ప్రియమైన వరమ్మా,

తప్పేమిటే! నీ నెత్తురు నిన్ను చేసిన దేవునికి తెలియదా? పోయి ముందు వరుసలో కూర్చో. నేను సాయంత్రం దాకా ఒక్కసారి కూడా తీయలేదు, నీకు రెండు గంటల ఆరాధన ఒక లెక్కా? ధైర్యంగా పో. వచ్చి నాకు రాయి, నేనిక్కడ గోళ్లు కొరుక్కుంటూ ఉంటాను.

అన్నట్టు, కషాయం సంగతి మా నర్సులకు చెప్పాను. ఒకామె నవ్వలేక నేల మీద కూర్చుంది.

నీ కృప

—

చిన్నవంకపల్లె,
14 ఏప్రిల్ 1939

కృపా,

నువ్వు నాకు అబద్ధం ఎందుకు చెప్పావు?

మొదటి ఆదివారం నాటికి నాకు రెండో దినం. నువ్వు చెప్పినట్టే మరగబెట్టి, పెట్టుకుని పోయాను. పెట్టుకోవడం కష్టం కాలేదు, ఆ మాట నిజమే. తెల్లచీర కట్టుకుని ముందు వరుసలో కూర్చున్నాను. దావీదురాజు గారు నన్ను చూసి తల ఊపాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ప్రసంగం అయింది. రొట్టె పళ్లెం రెండు వరుసల అవతలికి వచ్చేసరికి లోపల నిండి పొర్లుతున్నట్టు తెలిసింది. కూర్చుంటే చీర పాడవుతుంది, అందరూ చూస్తారు. లేచి, రొట్టె పళ్లెం నా ముందుకు వస్తున్న సమయానికి గుడి గడప దాటి పోయాను. వెనక నుంచి ఎవరో, "రొట్టెను చూసి పారిపోయినాది" అనడం విన్నాను.

రాకపోవడం ఒక ఎత్తు, వచ్చి లేచిపోవడం ఒక ఎత్తు. ఇప్పుడు దావీదురాజు గారు మిషనుకు కాగితం రాశాడు. జూలైలో తీర్పు.

నీ మీద కోపంతో నేను లెక్క పెట్టాను. తీసినప్పుడల్లా ఇంటి వెనక గోడ మీద సుద్దముక్కతో ఒక గీత. ఆ ఆదివారం గుడి నుంచి వచ్చినప్పటి నుంచి పొద్దుగూకే దాకా గంటకొక గిన్నె. తొమ్మిదో దినానికి ముట్టు ఆగేసరికి మొత్తం ఇరవైయారు గీతలు. నిండిన గిన్నెలే లెక్కపెట్టాను. ప్రతిసారీ చూస్తూ నిలబడ్డాను, నువ్వు అన్నట్టే. చూడకుండా ఉండలేకపోయాను. ఇదంతా నాలో నుంచే వస్తున్నదా అనుకున్నాను.

సాయంత్రం దాకా రెండు చెంచాలని ఎందుకు రాశావు? ఏ ఆడదానికైనా ఇంతే కదా?

వరమ్మ

—

కడప,
18 ఏప్రిల్ 1939

నా వరమ్మా,

ఏ ఆడదానికీ ఇంత కాదు.

నేను అబద్ధం చెప్పలేదు. నాకు తొలి నుంచి చివరి దాకా కలిపితే నాలుగు గిన్నెలు. మూడో గిన్నెను మరగబెట్టి వంతులేసుకుని వాడుతున్న ఇద్దరు నర్సులను అడిగాను, ఒకామెకు మూడు, ఒకామెకు అయిదు. నీకు ఇరవైయారు. అంకె తప్పు చదివానేమోనని ఆ వాక్యం మూడుసార్లు చదివాను.

ఉత్తరం పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాను. ఆమె చదివించుకుని కుర్చీలో వెనక్కి వాలింది. "ఇరవై ఏళ్లుగా ఈ దేశంలో ఆడవాళ్లను అడుగుతున్నాను, ఎంత పోతున్నదమ్మా అని. అందరూ శానా అంటారు, లేదా కొంచెం అంటారు. ఒక్కరూ అంకె చెప్పలేదు. ఈ గోడ మీద గీతలు గీసిన మనిషిని నాకు చూపించు" అన్నది. గర్భసంచిలో గడ్డ ఉండొచ్చునట. ముందు నెత్తురు పట్టే మందులిచ్చి, తర్వాత ఆపరేషను చేయాలట. గర్భసంచి తీసేయవలసి రావచ్చు. ఇట్లాగే వదిలితే ఏడాది రెండేళ్లలో గుండె ఆగిపోతుందట. నీ దగ్గర దాచి లాభం లేదు, అందుకే ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

పన్నెండేళ్లు ఒకే చాప మీద పడుకున్నాం. నీ పెదవులు తెల్లగా ఉంటే పిండి రాసుకున్నావని ఎగతాళి చేశాను. బావి దగ్గర నువ్వు కూలబడితే నీ బిందె కూడా నాకే అంటగడుతున్నావని తిట్టాను. నర్సునై కూడా తెలుసుకోలేదు. నీకు పెట్టిన ఆ పేరు ఇంక నా నోట రాదు. నన్ను క్షమించు.

వెంటనే బయలుదేరు. గుంతకల్లులో రైలు మారితే కడప. స్టేషనులో నేనుంటాను.

కృపమణి

—

చిన్నవంకపల్లె,
2 మే 1939

ప్రియమైన కృపా,

రాలేను. ఏసేపు పోదామంటున్నాడు. మా అత్త ఒప్పుకోలేదు. "ఒక్క ఆడబిడ్డే ఉండాది. సంచి తీసేస్తే మనవడు యాడ నుంచి వస్తాడు? ఆడదానికి నెత్తురు పోదా? నాకు పోలేదా? పని తప్పించుకునేదానికి ఇదొకటి" అన్నది. నీ ఉత్తరంలో ఇరవైయారు అని చదివి చెప్పినా ఆమెకు అది ఒక మాట మాత్రమే.

ఈ బిడ్డ తల దువ్వడానికి నేను ఇంకా ఎన్నాళ్లుంటానో అనుకుంటే చేతులాడవు. అయినా అత్తను కాదని బండెక్కే బలం నాకు లేదు. నిజంగానే లేదు, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి.

నీ వరమ్మ

—

కడప,
8 మే 1939

వరమ్మా,

నేను పోట్లాడే మనిషినని నీకు తెలుసు. కానీ ఇంత దూరం నుంచి మీ అత్తతో పోట్లాడలేను. ఒక్కటి చెయ్యి. మాటలు చెప్పకు, కొలిచి చూపించు. ఆ గిన్నెతోనే నీళ్లు ఆమె ముందర కొలువు. నీవి ఒక పాత్రలో, నావి ఒక పాత్రలో.

రోజూ సాయంత్రం బండి వేళకు స్టేషనుకు పోతున్నాను.

కృప

—

చిన్నవంకపల్లె,
20 అక్టోబరు 1939

నా ప్రియమైన కృపకు,

నువ్వు నన్ను రైలెక్కించి మూడు వారాలు దాటింది. ఆసుపత్రిలో ఉన్న నాలుగు నెలలూ నా మంచం పక్కనే ఉన్నావు, కాబట్టి మందుల సంగతి, ఆపరేషను సంగతి, డాక్టరమ్మ పళ్లెంలో పెట్టి చూపించిన ఆ కొబ్బరికాయంత గడ్డ సంగతి నీకు నేను చెప్పేదేమీ లేదు. అక్కడ చెప్పడానికి నోరు రానివి రాస్తున్నాను.

నీ ఉత్తరం వచ్చిన నాడు రెండు చెంబులు, కుండెడు నీళ్లు ఇంటి వెనక మా అత్త ముందర పెట్టాను. అది మందు తాపే గిన్నె కాదని, దేనికి వాడేదో చెప్పాను. కషాయం తాపేనాటికి కొత్తదేనని కూడా చెప్పాను. ఆమె ముఖం ముడుచుకుంది. ముట్టు దినాల్లో నా నీడ కూడా సోకనివ్వని మనిషి, ఇప్పుడు గిన్నె తాకదనుకున్నాను. నేను ముంచడానికి వంగితే కళ్లు తిరిగి కూలబడ్డాను. అప్పుడు ఆమె గిన్నెను నా చేతిలో నుంచి తీసుకుని తానే ముంచింది.

ముందు నీవి పోసింది. నాలుగు. చెంబు అడుగు తడిసింది, అంతే. తర్వాత నావి. గోడ మీది గీతలు ఒక్కొక్కటి చూస్తూ పోసింది. పది దాకా మామూలుగా పోసింది. పదిహేను దగ్గర ఆగి, "ఇంకా ఉండాయా?" అన్నది. ఇరవై దాటాక ఒక్కో గిన్నెకూ అంకె పైకి చెబుతూ పోసింది. ఇరవైయారో గిన్నెకు నీళ్లు చెంబు మెడ దాకా వచ్చాయి. ఆ చెంబును రెండు చేతులతో ఎత్తి, దాని బరువు చూసి, మళ్లీ కింద పెట్టింది.

"నెలనెలా ఇంత నెత్తురు పోతాంటే నువ్వు బతికే ఉండావా? బతికి బడి చెప్తాండావా? బిడ్డను కన్నావా? నా తల్లీ, నేను నిన్ను సోమరిదానివి అంటి గదమ్మా!" అన్నది. నా వైపు ఆమె చూసిన చూపును నేను గుడిలో కూడా ఎవరి కళ్లలోనూ చూడలేదు.

మనవడి మాట నేనే ఎత్తాను. "వాడు లేకపోతే మానె. ఉండే బిడ్డకు తల్లి గావాల. ఏసేపూ, బండి కట్టప్పా" అన్నది. ఆ నీళ్లు పారబోయలేదు, మేకకు పెట్టింది.

దావీదురాజు గారు డాక్టరమ్మ రాసిన కాగితం చదువుకుని, జూలైలోనే మిషనుకు మళ్లీ రాశాడట. నా ఉద్యోగం నిలిచింది. నేను వచ్చాక ఇంటికి వచ్చి గడప బయటే నిలబడ్డాడు. "పుస్తకంలో నువ్వు రాలేదని రాసుకుంటా ఉండినా గాని, ఎందుకు రాలేదని మా ఆడోళ్లతోనైనా అడిగించల్యా. తప్పు నాది తల్లీ" అన్నాడు. మొదటి ఆదివారం బల్ల తీసుకున్నాను. నా పక్కన ముగ్గురు ఆడవాళ్లు ముట్టుతోనే కూర్చున్నారని నాకు తెలుసు, ఎందుకంటే వాళ్లే చెవిలో చెప్పారు. నాకు ఇంక ముట్టు రాదు కాబట్టి గిన్నెను మరగబెట్టి పక్కింటి సుంకమ్మకు ఇచ్చాను. ఆమె లెక్క ఆరు.

ఇప్పుడు నేను రాయాలనుకున్నది. నిన్న పిల్లలకు పలకలు తేవడానికి పత్తికొండ పోయి, బస్సు తప్పి, నడిచి వచ్చాను. మూడు మైళ్లు, చివర గుట్ట ఎక్కాలి. ఆ దారిలో నేను ఎక్కడెక్కడ కూర్చునేదాన్నో ఏ రాయిని అడిగినా చెబుతుంది. నడుస్తూ పోయాను. ఎప్పుడు అలుపు వస్తుందా అని చూస్తూ పోయాను. గుట్ట ఎక్కాను, పలకల మూట నెత్తినే ఉంది. పైన నిలబడితే గుండె చప్పుడు చెవుల్లో వినబడలేదు. చూపు మసకబారలేదు. దూరంగా మా బడి, ఎండిన చేలు, అన్నీ గీత గీసినట్టు కనబడ్డాయి. భయమేసి అట్లే నిలబడ్డాను. ఆ తర్వాత ఎవరూ లేరు కదా అని, కృపా, ఇరవైతొమ్మిదేళ్ల పంతులమ్మను, గుట్ట దిగేటప్పుడు పరుగెత్తాను.

నువ్వు నర్సువు, నీకు తెలిసి ఉంటుంది. నాకు నిజం చెప్పు. మీరందరూ పుట్టినప్పటి నుంచీ ఇట్లాగే ఉన్నారా? ఒళ్లంటే ఇంత తేలికా?

జవాబు కోసం చూస్తూ,
నీ వరమ్మ