హామీ సంతకానికి ముందు

అల్లుడుగారికి,

మీ కారు అప్పుకి హామీ సంతకం అడిగారు కదా, అసలు దేనికి పెడుతున్నానో తెలుసుకుందామని కుట్టుమిషను ఆపి బ్యాంకుకి వెళ్లాను.

"కారు ఆయనదే, బాకీ మాత్రం ఇద్దరిదీనండి. ఆయన కట్టకపోతే మిమ్మల్నే అడుగుతాం" అన్నాడు గుమాస్తా.

"నేను కారెక్కకపోయినా?" అన్నాను.

"ఎక్కకపోయినానండి" అని నవ్వాడు.

నేను భయపడలేదు. మీరు మాట తప్పే మనిషి కాదు. పెడదామనే అనుకుని, సంబరంకొద్దీ అమ్మాయికి ఫోన్ చేసి కారు ఏ రంగుదని అడిగాను.

"ఏ కారమ్మా?" అంది.

ఏదో సర్దిచెప్పి ఫోన్ పెట్టేశాను. ఎందుకు దాచారో తెలుసుకోవాలని ఉంది, కానీ నాకంటే ముందు దానికే చెప్పండి. చెప్పాక ఇద్దరూ కలిసి రండి, అప్పుడు పెడతాను. నా కూతురికి తెలియని కారుకి నేను హామీ ఉండలేను.

మీ రాక కోసం చూస్తూ,
అత్తయ్య