సంతకం చేసిన ఖాళీ చీటీలు

జూలై 5, 1962. గురువారం.

మా చేనేత సంఘానికి నర్సుల కౌన్సిల్ నుంచి సర్క్యులర్ వచ్చింది. సంఘం దవాఖానలో నర్సును నేనొక్కదాన్నే. ఇంగ్లీషులో ఉందని సెక్రటరీ సిద్దయ్యగారు నాచేతే చదివించారు. డాక్టరు రాసి ఆర్డరిస్తే తప్ప నర్సు సూదిమందు ఇవ్వరాదు. ఇస్తే కౌన్సిల్ రిజిస్టరులో ఆమె పేరు కొట్టేస్తారు. ఇప్పించిన యాజమాన్యం కూడా జవాబు చెప్పుకోవాలి. ఈ చివరి మాట చదువుతుంటే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

డాక్టరు రామచంద్రంగారు నల్లగొండ నుంచి సోమవారం, గురువారం మాత్రమే వస్తారు. మిగతా రోజుల సంగతేమిటని అడగాలనుకున్నాను. అడగలేదు.

జూలై 9. సోమవారం.

డాక్టరుగారే ఉపాయం చెప్పారు. ఖాళీ చీటీల కింద సంతకాలు పెట్టి కట్ట నా చేతికిచ్చారు. పైన రోగి పేరు, మందు పేరు నేను రాసుకోవాలి. సిద్దయ్యగారికి ప్రాణం లేచొచ్చింది. నేను తలూపాను. తలూపడం నాకు బాగా వచ్చు.

చీటీలు బీరువాలో పెట్టి తాళం వేశాను. ఎన్ని మాటలు పడతాయో చూద్దామని ఒకటి ఇంటికి తెచ్చాను. ఈ డైరీలోనే ఉంది.

జూలై 11. బుధవారం. మధ్యాహ్నం 2.

సైదమ్మ కాన్పయింది. ఆడపిల్ల. మాయ పడ్డాక నెత్తురు ఆగలేదు. చాప తడిసింది, నా పాదాలు తడిశాయి. పొత్తికడుపు రుద్దుతూనే ఉన్నాను, గర్భసంచి గట్టిపడలేదు. ఆయా హనుమమ్మ సూది తీయమని అరిచింది. నేను రుద్దే పని ఆమెకు అప్పగించి ముందు బీరువా తాళం తీశాను. చీటీ తీసి తేదీ, వేళ వేశాను. 11-7-62, ఉదయం 10-20. ఏ కాగితం మీదైనా ముందు తేదీ వేయడం కాన్వెంటులో పట్టిన అలవాటు. నెత్తురు ఆపే మందు, ఎర్గోమెట్రిన్ అని రాశాను. అప్పుడు సూది ఇచ్చాను.

నెత్తురు ఆగింది.

నేల కడుగుతూ హనుమమ్మ అంది: "పానం పోతాంటె రాసుకుంట నిలబడ్డవు. నీకు నెత్తురంటె భయం లేదు బిడ్డా, కాయితమంటెనే భయం."

నిజమే.

జూలై 12. గురువారం.

బస్సు వచ్చింది. డాక్టరుగారు దిగలేదు. కండక్టరు చెప్పాడు, మంగళవారం సాయంత్రం గుండె ఆగి పోయారట. నిన్న దహనం కూడా అయిపోయిందట.

మంగళవారం.

బుధవారం ఉదయం ఆయన నాకు ఆర్డరిచ్చారు. సంతకం ఆయనది. తేదీ నా చేతిరాత.

జూలై 13.

సోమవారం కౌన్సిల్ ఇన్‌స్పెక్షన్ ఉంది. సిద్దయ్యగారు తలుపు దగ్గరికి వేసి మాట్లాడారు. చీటీ మీద పదకొండు గీకేసి తొమ్మిది వేస్తే అందరం బయటపడతామట. అయితే కాన్పు కూడా తొమ్మిదినే అయినట్టు దవాఖాన రిజిస్టరులో రాయాలి. ఒక్క అంకె కోసం పిల్ల పుట్టినరోజు మార్చాలి. సైదమ్మ పెనిమిటి జానయ్యను కూడా పిలిపించారు. అతను నాకు చేతులు జోడించాడు.

"నువ్వు ఏ దినమంటె మా పిల్ల గా దినమే పుట్టింది సిస్టరమ్మా."

నా సర్టిఫికెట్‌కు మా బాపు అద్దం కట్టించి మగ్గం ఎదుట గోడకు తగిలించాడు. నాడె విసిరినప్పుడల్లా తలెత్తి చూస్తాడు. కౌన్సిల్ నా పేరు కొట్టేస్తే అద్దం ఎవరు దించాలి?

జూలై 15. ఆదివారం.

బ్లేడు పట్టుకున్నాను. మొదటి అంకె గీకాను. కాగితం పలచబడింది. ఎత్తి పట్టుకుంటే అందులోంచి కిటికీ వెలుతురు కనిపించింది. ఆపేశాను. అన్నం తినలేదు.

జూలై 16.

ఇన్‌స్పెక్ట్రెస్ పొడుగ్గా ఉంది, నెమ్మదిగా మాట్లాడుతుంది. గీకిన చోట వేలు పెట్టింది. దవాఖాన రిజిస్టరు తెరిచి సైదమ్మ పేరు వెతికింది. దాని పక్కన పదకొండే ఉంది. ఆర్డరివ్వడానికి చనిపోయినాయన లేచొచ్చారా అని అడిగింది. సిద్దయ్యగారు నా వైపు చూశారు. ఆమె మళ్లీ అడిగింది.

"ఆర్డరు లేదు మేడం. నేనే ఇచ్చాను."

ఖాళీ చీటీల సంగతి కూడా చెప్పాను. ఆమె నా రిజిస్ట్రేషన్ నంబరు రాసుకుంది. బీరువాలో మిగిలిన చీటీలన్నీ తీసుకుంది. ఇంట్లో డైరీలో ఉన్న చీటీ సంగతి చెప్పలేదు. కొత్త డాక్టరు వచ్చేదాకా ఏ సూదీ ఇవ్వరాదనీ, నెత్తురు ఆగని వాళ్లను బస్సులో నల్లగొండ పంపాలనీ చెప్పింది.

ఆమె జీపు కదిలాక హనుమమ్మ అడిగింది: "నెత్తురు బస్సు టైము చూసుకొని పోతదా?"

జూలై 30.

కౌన్సిల్ ఉత్తరం వచ్చింది. సంఘానికి మందలింపు. నాకు వార్నింగ్. ఇంకొక్కసారి జరిగితే పేరు ఉండదు.

బాపుకు చెప్పలేదు.

ఆగస్టు 3.

కొత్త డాక్టరు రాలేదు. నాగులమ్మకు నెలలు నిండాయి. నాలుగో కాన్పు. మూడోసారి నెత్తురు ఎక్కువ పోయిందట. నల్లగొండకు వెళ్లి ఉండమని మూడుసార్లు చెప్పాను. ఇంట్లో పిల్లలకు ఎవరు వండుతారని నవ్వింది.

ఇవాళ డైరీ తెరిస్తే చీటీ జారి పడింది. కింద సంతకం, పైన అంతా ఖాళీ. అందులో ఇలా రాయవచ్చు: 9-7-62. కాన్పు తర్వాత నెత్తురు ఆగకపోతే, నేను లేనప్పుడు, నర్సు ఎర్గోమెట్రిన్ ఇవ్వవచ్చు. ఆ రోజు డాక్టరుగారు బతికే ఉన్నారు. ఎవరూ కాదనలేరు. మాటలన్నీ సరిగ్గా పడతాయి.

సిద్దయ్యగారికి తట్టలేదు. ఈ ఆలోచన నాదే. అందుకే ఎక్కువ భయంగా ఉంది.

ఆగస్టు 6.

రాయలేదు. చింపనూ లేదు.

ఆగస్టు 9. ఉదయం 9.

నాగులమ్మ బతికింది. తెల్లవారకముందే కాన్పయింది; నల్లగొండ బస్సు ఇప్పుడే పోయింది.

డైరీ సంచిలో వేసుకుని దవాఖానకు తెచ్చాను. ఎందుకు తెచ్చానో నాకు తెలుసు. సూది ఉడకబెట్టాలి, పొయ్యి అంటుకోలేదు, కట్టెలు తడిగా ఉన్నాయి. చీటీ తీసి ముట్టించాను. సంతకం చివరగా కాలింది.

సూది ఇచ్చాక, రిజిస్టరులో ఆర్డరిచ్చిన వారు అన్న గడిలో నా పేరు, నా నంబరు రాశాను. అన్నిటికన్నా ముందు ఇవాళ్టి తేదీ వేశాను.