బంగారు రంగేసిన ఇంజిన్

సార్, మీరు పోయి ఇయాల్టికి ఏడాది. మన కోదాడ కాలేజీ ల్యాబుకు మీరు తెచ్చిన పాత విమానం ఇంజిన్‌కు, చుట్టూ ఐదు సిలిండర్లున్నదానికి, బంగారు రంగు పూసి గేటు కాడ పెట్టిన్రు. కింద బోర్డు మీద 'జెట్ ఇంజిన్' అని రాసిన్రు. థూ!

"ఇది జెట్ కాదు సార్, సిలిండర్లు చుట్టూ చక్రం లెక్క ఉండే రేడియల్ ఇంజిన్. తొలినాళ్ల చిన్న విమానాలు గిట్లాంటి వాటితోనే ఎగిరినయి" అని కొత్త ప్రిన్సిపాల్‌కు చెప్పిన.

"ఎవనికి తెలుస్తదయ్యా? ఫొటోల మంచిగొస్తది" అన్నడు. తిరిగితే పిల్లలకు తాకుతదని ఇంజిన్ ముందటి పంఖాకు వెల్డింగ్ గూడ కొట్టించిండు.

కింది సిలిండర్లల్ల ఆయిల్ దిగి నిలుస్తది, అట్లనే స్టార్ట్ చేస్తే ఇంజిన్ పాడైతది, ముందుగాల పంఖాను చేత్తో తిప్పాలని మీరు ల్యాబ్ అటెండర్‌నైన నాకు గూడ నేర్పిన్రు. పొద్దుగాల అలవాటుగ చెయ్యేసిన. కదల్లే. కింది సిలిండర్ నుంచి ఆయిల్ మాత్రం చుక్క చుక్క ఆ బోర్డు మీద పడుతున్నది. ఇన్నేండ్లు రోజూ ఆ ఆయిల్ తుడిచిన నేను, ఇయాల తుడవలే సార్.