ఇద్దరికి సరిపోయే జీతం

విడీ ఘర్కుల్, సోలాపూర్

శ్వేతా,

పుణెలో నీ జీతం ఒక్కదానికే సరిపోతుందని, నన్ను పిలిపించుకోలేనని ఫోన్లో అన్నావు. తప్పు. మూడు పూటలా బయట తినేదానికి అది ఒక్కదానికి కూడా చాలదు. వండిపెట్టే నానమ్మ పక్కనుంటే ఇద్దరికీ సరిపోతుంది. అందుకే వస్తున్నాను.

నిన్ననే నా బీడీల కత్తెర పక్కింటి యల్లమ్మ చేతిలో పెట్టాను.

"ఈ వయసుల పుణె ఏందక్కా?" అన్నది.

"ఇన్నేండ్లు ఆకు కత్తిరించిన, ఇగ కూరగాయలు కోస్త తియ్" అన్నాను.

కళ్ళు తుడుచుకుంది గాని కత్తెర మాత్రం వాపసు ఇవ్వలేదు. ఇక నాకు వెనక్కి దారి లేదు!

ఆదివారం వెళ్ళి మనిద్దరికీ ఓ అద్దె గది చూడు. వంటగట్టు నా నడుము కంటే ఎత్తుంటే వద్దను. ఎందరుంటారని ఇంటాయన అడిగితే, ఇద్దరు ఆడపిల్లలమని చెప్పు. అడ్వాన్సు పుచ్చుకున్నాకే నా వయసు బయటపెట్టు.

మీ నానమ్మ